భీమిలి మొగ దగ్గర మా గాలాల పోటీ

నిన్న ఆదివారం భీమిలిలో మా క్లబ్బు పోటీ అయింది. ఇంటికొచ్చి రాడ్లూ రీళ్ళూ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి కూర్చున్నా, చేతులకి ఇంకా ఆ వాసన పోలేదు, మర్చిపోకముందే రాసేస్తున్నా.

మేం మొత్తం పదకొండు మందిమి. బ్యాంకువాళ్ళు, ఓ లెక్కల మాస్టారు, ఇంటర్ చదువుతున్న ఆయన కూతురు, స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా వచ్చేసిన మా బావ, అలా. ఇన్నాళ్ళూ బరువు తూచేవాళ్ళం, అంటే పట్టిన ప్రతి చేపా చచ్చేది, వండుకునేవి నాలుగైతే మిగతావి ఎవరికివ్వాలా అని తిరిగేవాళ్ళం, అది నాకు ఎప్పుడూ నచ్చేది కాదు. ఈసారి అందరం ఒప్పుకుని పొడుగు లెక్క పెట్టాం. మూతి నుంచి తోక చీలిక దాకా ఎన్ని సెంటీమీటర్లో కొలత చెక్క మీద ఒక ఫోటో, వెంటనే నీళ్ళలోకి వదిలెయ్యాలి, మూడు పెద్ద చేపల పొడుగు కలిపితే స్కోరు. చెయ్యి తడుపుకోకుండా ముట్టుకుంటే ఆ చేప లెక్కలోకి రాదు, ఒంటి మీది జిగురు ఊడిపోతే దానికి రోగాలొస్తాయి కాబట్టి.

గోస్తని ఏరు సముద్రంలో కలిసే చోట, అదే మొగ దగ్గర, తెల్లారకముందే గాలాలేశాం. పౌర్ణమి మర్నాడు కదా, పోటు బాగా ఉంది. మూడు గంటలపాటు ఎవరికీ ఏం పడలేదు, కవళ్ళనే చిన్న చేపల్ని ఎర వేసినా, రొయ్య వేసినా అంతే. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత మావైపు చూసి, "ఇప్పుడేటి దొరుకుతాది బాబూ, నీరు నిండనీండి, తిరిగాక సూడండి" అన్నాడు. తొమ్మిదిన్నర దాటాక నీరు వెనక్కి లాగడం మొదలైంది, ఏట్లోంచి చిన్న చేపలు బయటికొస్తుంటే వాటికోసం పెద్దవి మొగ దగ్గర కాపు కాస్తాయట. ఆ తర్వాత గంటలో అందరి రీళ్ళూ మోగాయి.

మాస్టారికి జెల్ల చేప పడింది, గాలం తీస్తుంటే దాని ముల్లు అరచేతిలో దిగింది. విషపు ముల్లది, ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. టీ కొట్టు నుంచి వేడినీళ్ళు తెచ్చి, ఓర్చుకోగలిగినంత వేడిలో చెయ్యి అరగంట ముంచి ఉంచితే నొప్పి దిగింది, తర్వాత బావ ఆస్పత్రికి తీసుకెళ్ళి ఇంజెక్షన్ వేయించుకొచ్చాడు. జెల్ల పట్టేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

నాకు పార చేప పడింది, పెద్దదే. పది నిమిషాలు లాగింది, ఒడ్డుకి తెచ్చేసరికి పూర్తిగా అలిసిపోయి పక్కకి ఒరిగిపోయింది. కొలత చెక్క యాభై అడుగుల దూరంలో ఉంది. ఎందుకో దాన్ని పైకి ఎత్తబుద్ధి కాలేదు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ఒక చెయ్యి పొట్ట కింద, ఇంకోటి తోక మొదట్లో పెట్టి, తల నీరు వచ్చే వైపు తిప్పి పట్టుకున్నా. మొప్పలు మెల్లిగా మూసుకుని తెరుచుకోవడం నా వేళ్ళకి తెలుస్తోంది. ఎంతసేపు ఉన్నానో తెలీదు, ఉన్నట్టుండి తోకతో ఒక్కటి కొట్టి వెళ్ళిపోయింది, నా మొహమంతా ఉప్పునీళ్ళు. స్కోరు పోయింది, బాధ లేదు.

కప్పు మాస్టారి కూతురికి వచ్చింది, రెండు పారలు, ఒక మాగ చేప, కలిపి 121 సెంటీమీటర్లు. అంత ఓపిగ్గా ఎర మార్చుకుంటూ ఒకేచోట నిలబడింది ఆ అమ్మాయే, న్యాయంగా గెలిచింది.

వచ్చేముందు ఇసకలో తెగిపడిన నైలాను దారాలన్నీ ఏరాం, మావీ, మావి కానివీ, ఒక సంచి నిండింది. ఇది తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే కాలం, వాటి కాళ్ళకి చుట్టుకుంటే తీసేవాళ్ళుండరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం, ఒడ్డునుంచి గాలం వేసేవాళ్ళకి ఆ రూలు లేకపోయినా మేమూ ఆపేద్దామనుకున్నాం. మళ్ళీ పోటీ ఆ తర్వాతే, ఈసారి టైము మాత్రం ఆ తాతనడిగే పెడతాం.