నొక్కు గింజకు ఎంత ధర?

మా గిర్నీలో గోధుమలు అమ్ముతాం, పట్టిస్తాం కూడా. గిరాకీలు బస్తాలో చెయ్యి పెట్టి మొదట అడిగేది "సీహోర్ షర్బతీయేనా?" అని. మధ్యప్రదేశ్ నల్లరేగడిలో పండే ఆ బంగారు రంగు గింజకు 2023లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని తెలిపే భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ధర బాగా ఎక్కువే, అయినా రొట్టె మెత్తగా వస్తుందని కొంటారు.

మంచి గింజ సంగతి అది. నొక్కు గింజ, అంటే సరిగా నిండక ముడుచుకుపోయిన గింజ, సంగతి వేరు. 2022 మార్చి ఎండలకు పంజాబ్, హర్యానాల్లో గింజ అలా ముడుచుకుపోయింది. ప్రభుత్వ కొనుగోలులో నొక్కులకున్న 6 శాతం పరిమితిని 18కి పెంచి, క్వింటాలు 2,015 రూపాయల మద్దతు ధరలో కోత లేకుండా తీసుకున్నారు. రైతుకు అది న్యాయమే. మాకు మాత్రం ఆ సడలింపు కుదరదు. నొక్కు గింజలో పొట్టు ఎక్కువ, పిండి తక్కువ. అలాంటి సరుకు వస్తే ధర తగ్గించే అడుగుతాను.