ఫిబ్రవరి మైలు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2025 ఫిబ్రవరి 13న ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో నార్వే రన్నర్ యాకబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ ఇండోర్ మైలును 3 నిమిషాల 45.14 సెకన్లలో ముగించాడు. ఆ ఏడాది ఇండోర్‌లో అతనికి అదే తొలి రేసు. దారిలో 1500 మీటర్ల గీతను 3:29.63కి దాటాడు కాబట్టి ఒక్క పరుగులో రెండు ప్రపంచ రికార్డులు వచ్చాయి. 1500 పాత రికార్డు కూడా అతనిదే, అదే హాల్లో 2022లో పరిగెత్తిన 3:30.60. మైలు రికార్డు మాత్రం సరిగ్గా ఐదు రోజుల ముందు న్యూయార్క్‌లో అమెరికా రన్నర్ యారెడ్ నుగూస్ 3:46.63తో చేజిక్కించుకున్నది.

సీజన్ తొలి రేసు ఫలితం వచ్చిందంటే అందరూ చివరి సమయం చూసి వేసవిని ఊహించేస్తారు. నా మటుకు నేను ముందు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ ఒక్కో చుట్టుకు పట్టిన సమయం, చూస్తాను. చలికాలం సాధన ఎలా సాగిందో అక్కడే తెలుస్తుంది.

మైలంటే 1609.344 మీటర్లు. 200 మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది ల్యాపులు, పైన 9.344 మీటర్లు. అందుకే ప్రారంభ గీత ముగింపు గీతకు 9.34 మీటర్లు వెనక ఉంటుంది. లియెవాన్ సమయాన్ని విడదీస్తే 200 మీటర్లకు సగటున 27.98 సెకన్లు. 1500 వరకు సగటు 27.95. మిగిలిన 109.344 మీటర్లకు పట్టింది 15.51 సెకన్లు, అంటే ల్యాపుకు 28.37 లెక్క. నిలబడిన చోటు నుంచి వేగం అందుకోవడానికి పోయిన సమయం కూడా ఆ 27.95లోనే ఉంది. అదంతా కలుపుకున్నా చివర్లో తగ్గింది ల్యాపుకు అర సెకను చుట్టూనే. సాధన సరిపోని వాడు ఇదే రేసులో ఆరో ల్యాపులో 29కి, ఏడో ల్యాపులో 30కి జారిపోతాడు.

దారిలోని 1500 సమయం రికార్డు పుస్తకంలోకి దానంతటదే ఎక్కదు. మైలు రేసులో 1500 గుర్తు ముగింపు గీత దగ్గర ఉండదు, ట్రాక్ అవతలి వైపు ఉంటుంది. అక్కడ వేరే కెమెరా, వేరే టైమింగ్ ఏర్పాటు ముందే చేసి ఉండాలి. లియెవాన్ నిర్వాహకులు అది సిద్ధం చేసుకున్నారంటే ఈ పరుగు ఎక్కడిదాకా వెళ్ళగలదో వాళ్ళకు అంచనా ఉన్నట్టే.

ఇక ట్రాక్ సంగతి. ఇండోర్ మైలును అర్థం చేసుకోవాలంటే మలుపు అర్థం కావాలి. బయటి 400 మీటర్ల ట్రాక్‌లో మలుపు వ్యాసార్థం 36.5 మీటర్లు. ఇండోర్‌లో 17.2 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, సగం కన్నా తక్కువ. ఇంగెబ్రిగ్ట్‌సెన్ వేగం సెకనుకు 7.15 మీటర్లు. ఆ వేగంతో బయటి మలుపు తిరిగేటప్పుడు శరీరాన్ని పక్కకు లాగే బలం ఒంటి బరువులో 14 శాతం ఉంటే, ఇండోర్‌లో 30 శాతం అవుతుంది. దానికి ఎదురుగా ఒళ్ళు దాదాపు 17 డిగ్రీలు లోపలికి వంగాలి. ఆ వంపు భారంలో కొంత ట్రాక్ మోయడానికే మలుపుల్లో బయటి అంచును పైకి లేపి కడతారు. దాన్నే బ్యాంక్ అంటారు, నిబంధన ప్రకారం 15 డిగ్రీలు మించకూడదు. బ్యాంక్ లేని ఫ్లాట్ ట్రాక్‌లో ఆ పని మొత్తం చీలమండ, పిక్క మోయాలి. అందుకే అదే మనిషి, అదే ఫిట్‌నెస్‌తో ఫ్లాట్ ట్రాక్ మీద సెకన్ల తేడాతో వెనకబడతాడు. అమెరికా కాలేజీ పోటీలు నడిపే ఎన్‌సీఏఏ ఫ్లాట్, బ్యాంక్డ్, పెద్ద ట్రాకుల సమయాలను మార్చి చూడటానికి పట్టికలే పెట్టుకుంది. సియాటిల్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీ డెంప్సీ హాల్ ట్రాక్ 307 మీటర్లది. అక్కడ ఎంత వేగంగా పరిగెత్తినా ఇండోర్ ప్రపంచ రికార్డుగా లెక్కకు రాదు, ట్రాక్ 201.2 మీటర్లు మించకూడదు కనుక. ఎవరి తొలి రేసు సమయమైనా కనబడగానే ఏ ట్రాక్ మీద అని మొదట అడగాల్సింది ఇందుకే.

మలుపు వల్ల వచ్చే రెండో చిక్కు ఓవర్‌టేక్. లోపలి గీత నుంచి ఒక మీటరు బయటికి జరిగి ఒక మలుపు పరిగెత్తితే 3.14 మీటర్లు అదనం. పూర్తి ల్యాపు అలాగే పరిగెత్తితే 6.28 మీటర్లు. లియెవాన్ వేగంలో అది 0.88 సెకను. దానికి తోడు బ్యాంక్ పైకి ఎక్కాలి, మళ్ళీ దిగాలి. కాబట్టి ముందున్న వాడిని దాటాలంటే నేరు భాగం మొదట్లోనే కదలాలి, మలుపు వచ్చేలోగా లోపలి గీత పట్టేయాలి. నేరు భాగం ఉండేదే 35 మీటర్ల చుట్టూ, అంటే సుమారు ఐదు సెకన్లు. కుర్ర రన్నర్లు తొలి ఇండోర్ రేసులో ఎక్కువగా చేసే తప్పు ఇక్కడే: నేరు భాగం మధ్యలో ఆలోచన మొదలుపెట్టి, దాటడం సగంలో ఉండగా మలుపులో ఇరుక్కుంటారు. అలా రెండుసార్లు జరిగితే ఆ రోజు ఫలితంలో ఒక సెకను పోయినట్టే. ఆ సెకను ఫిట్‌నెస్ లోపం కాదు. ఫలితాల పట్టిక చూసేవాళ్ళకు మాత్రం ఆ తేడా కనబడదు.

ఇండోర్ మైలులో లేన్లు ఉండవు, అందరూ వంపు గీత మీద నిలబడి గన్ పేలగానే లోపలికి దూసుకొస్తారు. మొదటి మలుపులో మోచేతులు, స్పైక్స్ (మేకుల బూట్లు) తగులుకుంటాయి. పేసర్లు, అంటే ముందు నడిచి వేగం నిలబెట్టి మధ్యలో తప్పుకునేవాళ్ళు, ఉన్న రేసులో ఈ తోపులాట తక్కువ, ఎందుకంటే ఎవరు ఎవరి వెనక అన్నది ముందే దాదాపు తేలిపోయి ఉంటుంది. పేసర్ కూడా గన్ దగ్గర నుంచే రేసులో ఉండాలి, మధ్యలో ట్రాక్ మీదికి రాకూడదు. పెద్ద మీట్లలో ట్రాక్ అంచున వేవ్‌లైట్ దీపాలు కోరిన వేగంతో పరుగెడుతుంటాయి. తొలి రేసులో ఇవి చేసే మేలు నా లెక్కన పేసర్ కన్నా ఎక్కువ. నెలల తరబడి పోటీ లేకుండా ఉన్న ఒంటికి మొదటి 400 ఎప్పుడూ తేలిగ్గా అనిపిస్తుంది, ల్యాపుకు ఒక సెకను ఎక్కువ వేగంలో ఉన్నా తెలియదు. దాని మూల్యం 1000 మీటర్ల తర్వాత కట్టాలి, అప్పటికి కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. దీపం పక్కనే ఉంటే ఆ పొరపాటుకు తావుండదు.

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది ఫిబ్రవరి 8 నాటి మిల్‌రోజ్ గేమ్స్ పోటీల్లోని వానమేకర్ మైలు రేసు. న్యూయార్క్ ఆర్మరీలో నుగూస్ 3:46.63తో గెలిస్తే, హాబ్స్ కెస్లర్ 3:46.90తో రెండో స్థానం. అంతవరకూ ఉన్న రికార్డు 2019లో బోస్టన్‌లో యోమిఫ్ కెజెల్చా పెట్టిన 3:47.01. పాత ప్రపంచ రికార్డును దాటి కూడా ఓడిపోయాడు కెస్లర్! వెనక నుంచి ఒకడు వదలకుండా వస్తుంటే చివరి 200 ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రేసే చూడాలి. 1983లో ఈమన్ కొగ్లన్ 3:49.78తో ఇండోర్‌లో 3:50 గోడ మొదటిసారి దాటాడు. అక్కడి నుంచి 3:45.14 దాకా రావడానికి 42 ఏళ్ళు పట్టింది. బూట్ల పాత్ర ఇందులో తక్కువేమీ కాదు. కార్బన్ ప్లేటు, మెత్తని కొత్తరకం ఫోమ్ పిక్కల మీద భారం తగ్గించి చివరి ల్యాపులకు కాళ్ళను మిగులుస్తాయి. 2024 నవంబరు 1 నుంచి ట్రాక్ పోటీలన్నిటికీ బూటు అడుగు మందం 20 మిల్లీమీటర్లకు మించకూడదు.

ఇంగెబ్రిగ్ట్‌సెన్ తొలి రేసులోనే ఇంత సమంగా పరిగెత్తడానికి మూలం నార్వే పద్ధతి. వారంలో రెండు రోజులు, సాధారణంగా మంగళ, గురువారాలు, పొద్దునా సాయంత్రమూ థ్రెషోల్డ్ సెషన్లు, అంటే అలసట పేరుకునే హద్దు దాటకుండా చేసే గట్టి పరుగు. ఉదయం ఆరేసి నిమిషాలు ఐదుసార్లు, మధ్య ఒక నిమిషం విశ్రాంతి. సాయంత్రం 1000 మీటర్లు పదిసార్లు, లేదా 30 సెకన్ల విరామంతో 400 మీటర్లు ఇరవై పైన. వేగాన్ని గడియారం నిర్ణయించదు. చెవి నుంచో వేలి నుంచో రక్తపు చుక్క తీసి లాక్టేట్ (కండరాలు కష్టపడేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం) కొలిచి లీటరుకు 2 నుంచి 4 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. ఇంకా వేగంగా వెళ్ళగలిగే రోజున కూడా వెళ్ళరు, ఈ పద్ధతి ప్రాణం అదే. శనివారం ఎత్తు మీదికి 200 మీటర్లు ఇరవై సార్లు, మైలుకు కావాల్సిన పదును అక్కడ వస్తుంది. ఇలాంటి చలికాలం గడిపిన వాడికి ఫిబ్రవరిలో ఆరో ల్యాపు గట్టిగానే ఉంటుంది.

అయితే ఆ మైలు సెప్టెంబరు గురించి ఏమీ చెప్పలేదు. మార్చిలో అపెల్‌డోర్న్‌లో యూరోపియన్ ఇండోర్ 1500, 3000 రెండూ గెలిచాడు. రెండు వారాల తర్వాత నాన్జింగ్‌లో ప్రపంచ ఇండోర్‌లో మళ్ళీ రెండూ. 1999లో హైలే గెబ్రెసెలాసీ తర్వాత ఆ జోడీ ఎవరికీ దక్కలేదు. నాన్జింగ్ 1500 గెలిచిన సమయం 3:38.79, లియెవాన్‌లో దారిలో పెట్టిన దానికన్నా 9 సెకన్లు ఎక్కువ. పేసర్ లేని పతకాల రేసు అలాగే ఉంటుంది. ఆ తర్వాత మడమ దగ్గరి అకిలిస్ స్నాయువు ఇబ్బంది పెట్టి వేసవి రేసులన్నీ పోయాయి. సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల్లో 1500 హీట్స్‌లోనే, అంటే తొలి దశలోనే, వెనుదిరిగాడు, 5000 ఫైనల్లో పదో స్థానం. 1500 స్వర్ణం పోర్చుగల్‌కు చెందిన ఇసాక్ నాదర్‌ది. నుగూస్‌కైతే అమెరికా సెలెక్షన్ పోటీల్లో ఐదో స్థానం వచ్చి టోక్యో టికెట్టే దొరకలేదు. ఫిబ్రవరిలో ఐదు రోజుల తేడాతో ప్రపంచ రికార్డు మార్చిన ఇద్దరికీ సెప్టెంబరులో మైలు రన్నర్ల పతకం అందలేదు. తప్పు ఫిబ్రవరి రేసులదని నేను అనను. వాటిని వాటి స్థానంలో ఉంచి చదవాలంటాను.

మన వాళ్ళ విషయానికొస్తే, గుల్వీర్ సింగ్ అదే 2025 ఫిబ్రవరిలో బోస్టన్ యూనివర్సిటీ ఇండోర్ ట్రాక్ మీద 5000 మీటర్లు 12:59.77కి ముగించాడు. 13 నిమిషాల లోపు పరిగెత్తిన తొలి భారతీయుడు. 25 ల్యాపులు, ఒక్కొక్కటి సగటున 31.19 సెకన్లు. టోక్యో అర్హత 13:01.00, అది ఫిబ్రవరిలోనే చేతికొచ్చేసింది. వేసవి ఎండలు మొదలుకాక ముందే మంచి రన్నర్లు ఇండోర్ వెతుక్కుంటూ బోస్టన్ వెళ్ళడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సొంతంగా మైలు పరీక్ష పెట్టుకోవాలంటే గచ్చిబౌలి స్టేడియం లాంటి 400 మీటర్ల సింథటిక్ ట్రాక్ చాలు, జనవరి ఉదయం దానికి సరైన కాలం. ముగింపు గీత నుంచి వెనక్కి 9.34 మీటర్లు టేపుతో కొలిచి గుర్తు పెట్టండి. అది నేరు భాగంలోనే పడుతుంది కాబట్టి కొలత తేలిక. అక్కడి నుంచి మొదటి లేన్‌లో నాలుగు ల్యాపులు. వాచీలోని జీపీఎస్‌ను నమ్మొద్దు, మలుపుల్లో అది దూరం తప్పు చూపిస్తుంది. గీత దాటినప్పుడల్లా చేత్తో ల్యాప్ బటన్ నొక్కండి. ఆరు నిమిషాలు లక్ష్యమైతే గీత దగ్గర మొదటిసారి సుమారు 2 సెకన్లు, తర్వాత 1:31.6, 3:01, 4:30.5, 6:00 కనబడాలి. ఐదు నిమిషాలకు ల్యాపు 1:14.6, ఏడు నిమిషాలకు 1:44.4.

పది పన్నెండు రోజుల ముందు ఒక రిహార్సల్ చేయండి: లక్ష్య వేగంతో 1000 మీటర్లు, నాలుగు నిమిషాల విశ్రాంతి, 600 మీటర్లు, మూడు నిమిషాలు, ఆపైన 200 మీటర్లు నాలుగుసార్లు. ఆ 1000 చివర్లోనే ఊపిరి అందకపోతే లక్ష్యం ఐదారు సెకన్లు సడలించండి. స్పైక్స్ వేసుకునే వాళ్ళు 6 మిల్లీమీటర్ల పిన్నులు వాడండి, సింథటిక్‌కు అంతకన్నా పొడవు అక్కర్లేదు. కొత్త స్పైక్స్‌ను రేసు రోజే మొదటిసారి వేసుకుంటే మర్నాడు మెట్లు దిగడం కష్టమవుతుంది, ముందు రెండు మూడు చిన్న సెషన్లలో పిక్కలకు అలవాటు చేయాలి. వార్మప్‌కు 15 నుంచి 20 నిమిషాల నెమ్మది పరుగు, 80 మీటర్ల స్ట్రైడ్స్ (క్రమంగా వేగం పెంచే చిన్న పరుగులు) నాలుగు, అందులో చివరిది రేసు వేగంలో. అది ముగిసిన ఐదు నిమిషాల్లో గీత మీద నిలబడాలి. ఇండోర్‌లో పరిగెత్తే వాళ్ళు వార్మప్‌లో మెడకు కట్టుకున్న పలచటి గుడ్డను ముక్కు మీదికి లాక్కుంటే మంచిది. హాల్లోని పొడి గాలికి రేసు అయ్యాక గంటల తరబడి దగ్గు వస్తుంది, ఆ దగ్గు ఊపిరి గొట్టాలు పొడిబారి బిగుసుకోవడం వల్ల.