శ్రీకాకుళం నుంచి రోయెట్‌కు: ఒక ఇంగ్లీషు టీచరు అనుభవం

థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతున్నానంటే మా జిల్లావాళ్ళు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మన ఇంగ్లీషు వాళ్ళకు సరిపోతుందా?" బయలుదేరేముందు నన్ను రాత్రిళ్ళు నిద్రపోనివ్వని ప్రశ్న కూడా అదే. ఇప్పుడైతే గట్టిగానే చెబుతాను. మనది పుట్టుకతో వచ్చిన ఇంగ్లీషు కాదు, కష్టపడి నేర్చుకున్నది. అందుకే సరిపోతుంది. ఈ మాట నమ్మడానికి నాకు చాలా కాలం పట్టింది.

పదో తరగతి దాకా నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు మీడియంలో చదివాను. డిగ్రీ శ్రీకాకుళంలో, ఆ తర్వాత బీఈడీ. నరసన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలోని రోయెట్‌లో ఒక ఉన్నత పాఠశాలకు సంభాషణ తరగతుల టీచరు కావాలన్న ప్రకటన చూశాను. డిగ్రీ ఉండాలి, బీఈడీ ఉంటే మంచిది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న దేశాలవాళ్ళు కాకపోతే టోయిక్ అనే ఇంగ్లీషు సామర్థ్య పరీక్షలో కనీసం 600 మార్కులు చూపించాలి. మొత్తం 990. రెండు గంటల్లో 200 ప్రశ్నలు, సగం విని జవాబు పెట్టాల్సినవి, సగం చదివి. చదివే భాగం మనవాళ్ళకు కష్టం కాదు. వినే భాగానికే సాధన కావాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా యాసలు మార్చి మార్చి వినిపిస్తారు. ఆ కొన్ని నెలలూ వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ ఇంగ్లీషు వార్తలే విన్నాను.

ఇంట్లో అసలు గండం పరీక్ష కాదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఒక పెద్ద మోసాన్ని బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని ఆశచూపి యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ వాళ్ళచేత సైబర్ మోసాలు చేయించారు. బాధితుల్లో ఉత్తరాంధ్ర పిల్లలు చాలామంది ఉన్నారు. ఆ వార్తలు చదివిన నాన్నకు కంబోడియా పక్కనే ఉన్న దేశం పేరు చెప్పి "వెళ్తాను" అంటే ఎలా ఉంటుంది? అదే సమయంలో ఒక ఏజెంటు ఇంటికి వచ్చి, "వీసా అవసరమే లేదండీ, 2023 నవంబరు నుంచి మనవాళ్ళను ఊరికే రానిస్తున్నారు, అక్కడికి వెళ్ళాక మార్చుకోవచ్చు" అన్నాడు. పర్యాటకులకు ఇచ్చిన సౌకర్యం అది. దాని మీద దేశంలోకి అడుగుపెట్టి ఉద్యోగం చేస్తే చట్టం దృష్టిలో దొంగ పని. రేపు ఏ కష్టం వచ్చినా పోలీసు స్టేషనుకు వెళ్ళే ధైర్యం కూడా ఉండదు. ఆయన వెళ్ళిపోయాక నాన్న తన షరతు చెప్పారు.

"అమ్మా, ఉద్యోగం ఇచ్చే బడి పేరు నాకు కాగితం మీద కనిపించాలి. నీ వీసా ఉద్యోగం వీసా అయి ఉండాలి. ఆ రెండూ చూపిస్తే నేనే వచ్చి విమానం ఎక్కిస్తాను."

ఆ షరతు పెట్టినందుకు నాన్నకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. విదేశానికి వెళ్ళాలనుకునే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అనాలి. నేను ఏజెంటును పక్కనపెట్టి నేరుగా బడికే రాశాను. వీడియోలో మాట్లాడారు, పాఠం చెప్పించుకున్నారు, నియామక పత్రం పంపారు.

ఇక కాగితాలు. డిగ్రీకి మొదట విశ్వవిద్యాలయం నుంచి నిర్ధారణ, తర్వాత రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర, చివరికి థాయ్ కాన్సులేట్ ముద్ర. ఈ వరుస తప్పకూడదు, కింది ముద్ర లేకుండా పైవాళ్ళు కాగితం ముట్టుకోరు. ఇన్ని మెట్లలోనూ నన్ను ఎక్కువగా ఏడిపించింది మొదటిదే. ఒక కౌంటరు నుంచి మరో కౌంటరుకు చెప్పులు అరిగేలా తిరిగాను. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ మాత్రం పాస్‌పోర్టు కార్యాలయం ద్వారా చకచకా వచ్చేసింది. వీసాకు ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని థాయ్ కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. అప్పట్లో పాస్‌పోర్టు ఇచ్చి స్టాంపు వేయించుకోవాల్సి వచ్చేది. 2025 జనవరి నుంచి అంతా ఆన్‌లైన్‌లో ఈ-వీసాయే. నాకిచ్చింది నాన్ ఇమిగ్రెంట్ బి రకం వీసా, అంటే ఉద్యోగం వీసా, తొంభై రోజులకు. ఆ లోపు అక్కడ వర్క్ పర్మిట్ తీసుకోవాలి, కురుసపా అనే ఉపాధ్యాయ మండలి దగ్గర తాత్కాలిక బోధనానుమతికి దరఖాస్తు చేయాలి, ఆ తర్వాత వీసాను ఏడాదికి పొడిగిస్తారు. బోధనానుమతి రెండేళ్ళకు ఇస్తారు. మధ్యలో సొంతూరికి రావాలంటే రీ-ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి. ఒకసారికి థాయ్ డబ్బులో వెయ్యి బాత్. అది లేకుండా విమానం ఎక్కితే ఇంత కష్టపడి తెచ్చుకున్న వీసా అక్కడితో రద్దవుతుంది.

నవంబరులో రెండో టర్ము మొదలయ్యే సమయానికి రోయెట్ చేరాను. బడిలో మొదటి ఫారంలోనే సంవత్సరం 2567 అని ఉంది. క్రీస్తు శకానికి 543 కలిపితే వాళ్ళ బౌద్ధ శకం. ఉదయం ఎనిమిదింటికి జాతీయగీతం మొదలైతే బడి గేటు దగ్గర కూరగాయలు దింపే మనిషి కూడా ఎక్కడివాడు అక్కడే నిలబడిపోతాడు. సోమవారం టీచర్లందరూ పసుపు రంగు వేసుకుంటారు, అది రాజు పుట్టిన వారం రంగు. ఎవరి తలా తాకకూడదని, పాదం ఎవరివైపూ చాపకూడదని తోటి టీచరు ముందే చెప్పింది. రెండోది మనకు ఎలాగూ తెలిసినదే. మొదటిదానికి నా చేతిని ప్రతి రోజూ అదుపులో పెట్టుకోవాల్సి వచ్చింది, బాగా చదివిన పిల్లల తల నిమరడం నాకు అంత అలవాటు.

తరగతిలోకి అడుగుపెట్టగానే నలభై మందికి పైగా పిల్లలు లేచి, "గుడ్ మార్నింగ్ టీచర్, అయామ్ ఫైన్ థాంక్యూ, అండ్ యూ" అని ఒకే రాగంలో పాడారు. నేనింకా ఎలా ఉన్నారని అడగనే లేదు. నరసన్నపేటలో విన్న రాగమే! ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పలకరిస్తే నోరు పెగల్లేదు. తల వంచుకుని నవ్వుతారు, పక్కవాళ్ళ వెనక్కి జరుగుతారు. తప్పు మాట్లాడి నలుగురిలో తలవంపులు తెచ్చుకోవడం కన్నా మౌనం నయమని వాళ్ళ లెక్క. ఇంగ్లీషే పుట్టుభాష అయిన మరో దేశపు టీచరు దీన్ని శ్రద్ధ లేకపోవడం అనుకున్నారు. నాకు అలా అనిపించలేదు. డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లీషు లెక్చరరు నా పేరు పిలిస్తే గొంతు ఎలా తడారిపోయేదో నాకు బాగా గుర్తు. జవాబు తెలిసీ పెదవి దాటని మాట ఎంత బరువుంటుందో మోసినవాళ్ళకే తెలుస్తుంది.

అందుకే ఒక్కొక్కరినీ లేపి అడగడం మానేశాను. ముందు అందరిచేతా కలిసి అనిపించడం, తర్వాత వరుసల చొప్పున, ఆపైన ఇద్దరిద్దరు. ఒంటరిగా నిలబడి చెప్పడం అన్నిటికన్నా చివర, అదీ ఇష్టమైతేనే.

ఉచ్చారణ దగ్గర నాకు దొరికిన దారి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఆ బడికి నిజంగా పనికివచ్చింది అక్కడే. థాయ్ భాషలో మాట చివర సకారం పలకదు. అందుకే ఇంగ్లీషులో కూడా పిల్లలు చివరి హల్లును మింగేస్తారు. రైస్, రైట్, రైడ్, మూడూ వాళ్ళ నోట్లో ఒక్క "రై"యే. వినేవాళ్ళకు అన్నమో, ఒప్పో, సవారీయో తెలియదు. "చివరి సకారం పలకండి" అని ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు, ఆ చోట నాలుకకు ఆ అలవాటే లేదు. మన తెలుగు నాలుకది సరిగ్గా ఎదురు గుణం. మనం చివర అచ్చు లేకుండా ఆగలేం. బస్సు, కారు, ఫోను అంటాం. మా లెక్చరరు మా చివరి ఉకారాన్ని పోగొట్టడానికి పడిన పాట్లు నాకు తెలుసు. ఒక రోజు పిల్లలచేత "రైస్" బదులు "రైసు" అనిపించాను. సు అని అక్షరంగా వస్తే వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు, తరగతి మొత్తం హాయిగా అంది. తర్వాత ఉకారాన్ని గుసగుసగా అనమన్నాను. ఆ తర్వాత పెదాలు గుండ్రంగా చుట్టకుండా అనమన్నాను. మిగిలింది "రైస్". వెనక బెంచీలో మింట్ అనే అమ్మాయి తన చేతిని నోటి ముందు పెట్టుకుని, సకారం గాలి అరచేతికి తగలడం గమనించి, పక్కనున్న బ్యాంక్ అనే అబ్బాయి చేతిని కూడా తన నోటి ముందుకు లాగింది. (అక్కడ పిల్లలకు ఇలాంటి ముద్దుపేర్లే ఉంటాయి, రికార్డులోని పొడవాటి పేర్లు ఎవరూ పిలవరు.) ఆ పీరియడంతా హౌసు, నైసు, ఐసు. ఆంధ్రా యాస అని ఇన్నాళ్ళూ దాచుకున్నది నిచ్చెనలా పనికొచ్చింది.

స్కూల్ అన్న మాటకు ముందు మన పల్లెల్లో ఇకారం చేరి ఇస్కూలు అవుతుంది, అక్కడ మధ్యలో అకారం చేరి సకూల్ అవుతుంది. మనకూ వాళ్ళకూ ఇంగ్లీషులోని ఆర్టికల్స్ (ఎ, ఆన్, ది) ఒకే రకంగా అయోమయం. వాళ్ళ క్రియకు భూతకాలపు రూపం వేరేగా ఉండదు కనుక "ఎస్టర్‌డే ఐ గో" అంటారు. ఆ తప్పు ఎక్కడి నుంచి పుడుతుందో తెలిసిన టీచరుకు కోపం రాదు.

నేను అద్దెకున్న ఇంటావిడను వీధిలో అందరూ "యాయ్" అని పిలుస్తారు, అమ్మమ్మ అని. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ దగ్గర ఇద్దరు మనవలు. కూతురూ అల్లుడూ బ్యాంకాక్ దగ్గర ఫ్యాక్టరీలో పని, పండగలకు వస్తారు. ఈశాన్య థాయ్‌లాండ్ అంతటా ఇదే కథ: వాన మీద ఆధారపడిన వరి, చాలని భూమి, నగరానికి వలస, ఊళ్ళో ముసలివాళ్ళూ పిల్లలూ. మా వైపు ఊళ్ళకు ఊళ్ళు హైదరాబాదు, చెన్నై భవన నిర్మాణ పనులకు వెళ్ళిపోతే తాతల దగ్గర పెరిగిన పిల్లలు నా నరసన్నపేట తరగతిలో ఎందరో. ఫీజు కట్టమని వాళ్ళను ఎలా అడగాలో తెలియక నేను పడిన బాధ, ఆ ఇద్దరు మనవలు సాయంత్రం ఫోనులో అమ్మతో మాట్లాడుతుంటే మళ్ళీ గుర్తొచ్చేది. అప్పటి నుంచి రోయెట్ నాకు పరాయి ఊరు కాలేదు.

తిండి దగ్గర కూడా ఆవిడే దారి చూపించింది. కందిపప్పు దొరకదు, కరివేపాకు అరుదు. కానీ అక్కడివాళ్ళు లేత చింతచిగురు కూరల్లో వేస్తారు. ఆవిడ పెరటి చెట్టు చిగురు కోసి ఎండు చేపలతో మా ఊరి పద్ధతిలో వండితే, వెదురు బుట్టలోని జిగురన్నం ముద్దచేసి అందులో అద్దుకుని తిని, ఇంకాస్త పెట్టమంది. ఒక రాత్రి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ స్తూపాల ఫొటోలు ఫోనులో చూపించాను. మా ఇంటికి దగ్గరే అంటే ఆవిడ నమ్మలేక నా ముఖంలోకి చూసింది. తర్వాత ఫోనుకు రెండు చేతులూ జోడించింది.

జూన్‌లో ఒక గురువారం గురుపూజ జరిగింది. వాయ్ క్రు అంటారు. పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి టీచర్లకు అరటాకు, పూలతో చేసిన పళ్ళేలు సమర్పిస్తారు. అందులో మూడు ఉండాలి: గరిక, వంకాయ పువ్వు, నూరువరహాల పువ్వు. గరికలా చదువు త్వరగా అల్లుకోవాలి, కిందికి వంగే వంకాయ పువ్వులా వినయం ఉండాలి, సూదిలాంటి నూరువరహాల మొగ్గలా బుద్ధి పదును కావాలి. వినాయక చవితికి పొలం గట్ల మీద గరిక ఏరిన చేతులతో ఆ పళ్ళెం అందుకున్నాను. తెచ్చింది మింట్. ఇంగ్లీషులో ఒక వాక్యం సిద్ధం చేసుకుని వచ్చింది, చివరి సకారాలన్నీ పలికింది.

మొన్న నరసన్నపేటలో ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఫోను చేసింది. బీఈడీ అయిపోయింది, తనూ ప్రయత్నిస్తానంటోంది. "మేడమ్, నా ఇంగ్లీషు సరిపోతుందా?" అని అడిగింది. అది తర్వాత మాట్లాడుకుందాం, ముందు డిగ్రీ నిర్ధారణకు విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టమన్నాను. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది అదే. టోయిక్‌కు చదవడం ఆ కాగితం తిరుగుతున్నంతసేపూ చేసుకోవచ్చు.