కాలేయంలో దాగిన చలిజ్వరం

పాడేరు మన్యంలోని ఒక బడిలో పనిచేస్తున్న రోజుల్లో, వానలు జోరుగా కురుస్తున్న శ్రావణంలో, నాకు చలిజ్వరం వచ్చింది. మధ్యాహ్నం పాఠం చెబుతుండగా మొదలైన వణుకు రెండు దుప్పట్లు కప్పుకున్నా తగ్గలేదు. ఆ తరువాత ఒళ్లు కాలిపోయింది, సాయంత్రానికి పక్కంతా చెమటతో తడిసింది. మరునాడు మామూలుగానే బడికి వెళ్లాను. ఆ మరునాడు దాదాపు అదే వేళకు వణుకు తిరిగి వచ్చింది. ఆశా కార్యకర్త వేలికొన గుచ్చి రక్తం పరీక్షించి, "వైవాక్స్ మలేరియా మాస్టారూ" అన్నారు.

రోజు విడిచి రోజు జ్వరం ఎందుకు వస్తుందో నాకు అప్పుడే తెలిసింది. ఆడ అనాఫిలిస్ దోమ కుట్టినప్పుడు లాలాజలంతో పాటు ప్రవేశించే పరాన్నజీవి ముందుగా కాలేయాన్ని చేరి, అక్కడ వేల సంఖ్యలో పెరిగి, పిమ్మట ఎర్ర రక్తకణాల్లోకి దూరుతుంది. సుమారు 48 గంటలకొకసారి ఆ కణాలు ఒక్కుమ్మడిగా పగిలినప్పుడు వెలువడే పదార్థాలకు శరీరం చూపే ప్రతిస్పందనే ఆ వణుకు, ఆ వేడి. మలేరియా పరాన్నజీవి దోమ కడుపు గోడలో పెరగడాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొన్నారు. ఆయన ప్రయోగశాల ఉన్న బేగంపేట మీదుగా ఎన్నోసార్లు వెళ్లినా, అంతకు ముందు ఆ సంగతి నా మనసుకు తట్టలేదు.

మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం పోయింది. ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు వాడమన్నారు. పరగడుపున వేసుకుంటే కడుపులో నొప్పి వచ్చేది. తగ్గిన జ్వరానికి మందెందుకని అయిదో రోజున మానేశాను. అది నా తప్పే.

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, భోగినాటి సాయంత్రం, మళ్లీ అదే వణుకు పట్టుకుంది. వైవాక్స్ క్రిముల్లో కొన్ని కాలేయంలో నెలల తరబడి నిద్రాణంగా ఉండి, కొత్తగా దోమ కుట్టకపోయినా రక్తంలోకి దిగగలవనీ, రక్తంలోని క్రిములను చంపే క్లోరోక్విన్ వాటినేమీ చేయలేదనీ, ప్రైమాక్విన్ ఇచ్చేది వాటి కోసమేననీ డాక్టరుగారు ఓపికగా చెప్పారు. జీ6పీడీ అనే ఎంజైము లోపించినవారిలో ఆ మందు ఎర్ర రక్తకణాలను విరిచేస్తుంది కనుక, ముందు ఆ పరీక్ష చేయించి, లోపం లేదని తేలాకే మాత్రలు రాశారు.

సెలవు పొడిగించుకుని ఇంట్లోనే ఉన్నాను. రోజూ రాత్రి అన్నం తిన్నాక అమ్మ మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా ఎదుటే కూర్చునేది. పద్నాలుగో రాత్రి ఖాళీ అట్టను వెలుతురులో తిప్పి చూసి, ఒక్కటీ మిగల్లేదని తేల్చుకున్నాకే లేచింది.