విశాఖ తేమలో పీఎం సెన్సార్ తప్పులు

బీచ్ రోడ్డు వైపు బాల్కనీలో పెట్టిన పీఎంఎస్5003 అనే ధూళి సెన్సార్ తెల్లవారుజామున పీఎం2.5ను (గాలిలోని అతి సన్నని ధూళిని) అమాంతం పెంచి చూపిస్తే, వెంటనే పోర్టు బొగ్గు ధూళి మీద నేరం మోపకండి. ముందు తేమ చూడండి. ఈ సెన్సార్ కణాలను తూచదు. వాటి మీద పడిన లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి అంచనా కడుతుంది. తేమ 75 శాతం దాటితే సముద్రపు ఉప్పు కణం నీరు పీల్చి ఉబ్బుతుంది, అంకె పెరుగుతుంది. పక్కనే తేమ కొలిచే బీఎంఈ280 సెన్సార్ పెట్టి, 75 దాటినప్పటి రీడింగులకు గుర్తు వేసుకోండి. బీఎంఈ280ను, డేటా చదివే ఈఎస్పీ8266 వై-ఫై బోర్డుకి ఆనించారో, బోర్డు వేడికి తేమ తక్కువగా కనిపిస్తుంది. తెల్లవారుజామున పొగ నిజంగానే నేలను పట్టుకుని ఉంటుంది కూడా, కాబట్టి ఒక్కరోజు గ్రాఫు చూసి తేల్చేయకండి.

అసలు డేటాయే రాకపోతే సంగతి వేరు. పీఎంఎస్5003 లోపలి ఫ్యానుకు 5 వోల్టులు కావాలి, డేటా పిన్నులకు 3.3 మించకూడదు. సెన్సార్ టీఎక్స్ (డేటా పంపే పిన్ను) బోర్డు ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్నుకి) కలపాలి, వేగం 9600 బాడ్. ఫ్రేము, అంటే ఒక విడత డేటా, 32 బైట్లు, మొదటి రెండు బైట్లు హెక్స్‌లో 42, 4డి. అవి వస్తూ చెక్‌సమ్ (డేటా చెడకుండా వచ్చిందో లేదో చూసే మొత్తం) తప్పుతుంటే పొడవాటి వైరునో, నాసిరకం ఛార్జర్‌నో అనుమానించండి. సెన్సార్‌ను స్లీప్ మోడ్ నుంచి నిద్ర లేపాక మొదటి 30 సెకన్ల అంకెలు పారేయండి.

డబ్బాను పూర్తిగా సీలు చేస్తే కొలిచేది డబ్బాలో గాలినే! రంధ్రాలు కిందికి ఉండాలి, వదిలిన గాలి మళ్లీ లోపలికి రాకుండా మధ్యలో అడ్డు ఉండాలి. పురుగులకు దోమతెర చాలు. గుడ్డ కడితే ధూళినే ఆపేస్తుంది. కనెక్టర్లకు చిలుము పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బోర్డుకు కాన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పలుచని పూత) పూయండి. బీఎంఈ280 రంధ్రం మీద మాత్రం పడనీయకండి.