మంగళవారం మాత్ర నుంచి మెడలో యంత్రం దాకా

మా వంటింటి అలమరలో ఇంచుమించు ఒకే పరిమాణంలో, ఒకే పసుపు రంగులో ఉండే రెండు రకాల మాత్రలు పన్నెండేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాయి. ఒకటి నా కీళ్ళవాతానికి వేసుకునే మెథోట్రెక్సేట్, రెండోది ఫోలిక్ ఆసిడ్ అనే విటమిను. మొదటిదాన్ని వారానికి ఒక్కసారి, నా విషయంలో మంగళవారం రాత్రి మాత్రమే వేసుకోవాలి. రెండోదాన్ని మిగిలిన రోజుల్లో డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వేసుకోవాలి. రెండూ తారుమారై మొదటిదాన్ని రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మెథోట్రెక్సేట్ అట్టకు ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి, క్యాలెండరులో మంగళవారాల కింద గీత గీసుకుంటాను. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. మొదట్లో ఒకసారి మందుల దుకాణంలో కవరు మీద 'రోజుకు ఒకటి' అని రాసిచ్చారు. ఇంటికి వచ్చి డాక్టరు చీటీ మళ్ళీ చదివాను గనుక బతికిపోయాను.

చిత్తూరులో ఉండే మా ఆడపడుచు ఈమధ్య ఒక వార్త పంపి, "వదినా, కీళ్ళవాతానికి మెడలో ఏదో యంత్రం పెడితే చాలంట, ఇంక ఈ మాత్రల బాధ తప్పుతుందేమో చూడు" అని రాసింది. ఇలాంటి వార్తలు నెలకు రెండైనా వస్తుంటాయి. ఆమెకు ఫోనులో రెండు ముక్కల్లో చెప్పలేక, డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఈ కీళ్ళవాతం చికిత్సలో కొత్తగా వచ్చినవేమిటో, వాటిలో తిరుపతిలో ఉన్న నాలాంటి మనిషికి అందేవేమిటో, ఇంకా దూరంలో ఉన్నవేమిటో ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. ఈ జబ్బుతో కాపురం చేస్తున్నదాన్ని.

నాకిది 2012 ధనుర్మాసంలో బయటపడింది. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేయబోతే పిండి చిటికెలోకి రాలేదు. రెండు చేతుల వేళ్ళూ, మణికట్లూ బిగుసుకుపోయి, ఎండ పొడ పడేదాకా వదిలేవి కావు. 2006లో మా వీధిలో ఇంటికొకరిని పడగొట్టిన చికున్‌గున్యా తాలూకు నొప్పులే మళ్ళీ తిరగబెట్టాయని అందరూ అన్నారు. ఎవరో చెబితే వెళ్ళిన ఒక చోట పేరు లేని మాత్రలను కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చారు. రెండు రోజుల్లో నొప్పి మాయమైంది, రెండు నెలల్లో ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. అది స్టెరాయిడ్ అని తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచాయి. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు తొలిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు మంచం దిగలేని రోగి లేచి నడిచిందనీ, ఆ పనికే 1950లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చిందనీ తరువాత చదివినప్పుడు, ఆ పొట్లాల మహిమ నాకు అర్థమైంది. అదే కార్టిజోన్ జాతి మందును ఈనాటికీ డాక్టర్లు వాడతారు, కాని అసలు మందు పని మొదలుపెట్టేదాకా వంతెనలాగా, తక్కువ మోతాదులో, కొద్ది కాలమే వాడతారు. నాకు పొట్లం కట్టినవారు వంతెన మీదే కాపురం పెట్టించారు. మొదటి కొద్ది నెలల్లో అసలు చికిత్స మొదలైతే కీళ్ళు ఎక్కువగా నిలబడతాయి; నా కుడిచేతి రెండు వేళ్ళు వంకర పోయింది ఆ ఎనిమిది నెలల్లోనే.

జబ్బు స్వభావం చెప్పకపోతే మందుల సంగతి అర్థం కాదు. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి కీలు లోపలి పొర మీదికి దండెత్తుతుంది. ఆ పొర వాచి, దళసరెక్కి, మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కుతింటుంది. కనుక నొప్పి తగ్గించే మాత్ర వేరు, ఆ దండయాత్రను ఆపే మాత్ర వేరు. రెండో రకానికి ఈనాటికీ పునాది మెథోట్రెక్సేటే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆసిడ్ మీదా, దాన్ని అడ్డుకునే పదార్థాల మీదా చేయించిన పరిశోధనలోంచి వచ్చిన మందు ఇది. మొదట పిల్లల రక్త క్యాన్సరుకు ఉద్దేశించిన ఈ కుటుంబపు మందును 1951లో గుబ్నర్ అనే వైద్యుడు కీళ్ళవాతంలో ప్రయత్నించాడు. అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి ఆమోదించింది మాత్రం 1988లో. నా అలమరలోని రెండు మాత్రలూ ఒకే పసుపులో ఉండడం కాకతాళీయం కాదు: అణువు నిర్మాణంలో అవి అక్కాచెల్లెళ్ళు, మెథోట్రెక్సేట్ ఫోలిక్ ఆసిడ్ వేషం వేసుకుని కణాన్ని మోసగిస్తుంది.

అది చాలనివారికి సల్ఫాసలజైన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ చేర్చి మూడింటినీ కలిపి ఇస్తారు. ఈ పాత మూడు మందుల కలయిక, మెథోట్రెక్సేట్‌తో కలిపి ఇచ్చిన ఖరీదైన ఎటనర్‌సెప్ట్ ఇంజెక్షనుకు తీసిపోదని 2013లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. నేను దాని మీద మూడేళ్ళు నెట్టుకొచ్చాను. కొత్త మందు అనగానే ఎగబడేవారికి నేను మొదట చెప్పే మాట ఇదే.

తరువాత ఇంజెక్షన్లు వచ్చాయి. కీళ్ళలో మంటను రాజేసే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీనును పట్టుకుని కట్టేసే మందులను 1992లో లండన్‌లో ఫెల్డ్‌మన్, మైని అనే ఇద్దరు తొలిసారి రోగులకు ఇచ్చి చూశారు. 1998లో ఎటనర్‌సెప్ట్ అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. మనకు అసలు మలుపు ఇలాంటి ఇంజెక్షన్ల నకళ్ళు ఇక్కడే తయారు కావడం. హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటక్సిమాబ్‌నూ, అహ్మదాబాదుకు చెందిన జైడస్ 2014 డిసెంబరులో టీఎన్‌ఎఫ్‌ను కట్టేసే అడాలిముమాబ్‌నూ విడుదల చేశాయి. రెండోది ఆ మందుకు ప్రపంచంలోనే మొదటి నకలు. బయోసిమిలర్లు అనే ఈ మందులు వచ్చాక కూడా ఖర్చు మధ్యతరగతికి బరువే, కాని అసాధ్యం అన్నది పోయి కష్టం అన్న దగ్గరికి వచ్చింది. నావరకు నేను, పత్రికలు పతాక శీర్షికల్లో వేసే ఏ ఆవిష్కరణ కన్నా ఈ నకళ్ళే పెద్ద వార్త అనుకుంటాను.

అయితే ఇంజెక్షను గుమ్మం దాటాలంటే ముందు క్షయ పరీక్ష దాటాలి. మన దేశంలో చాలామందిలో క్షయ క్రిమి నిద్రాణంగా ఉంటుంది. దాని చుట్టూ ఒళ్ళు కట్టుకున్న గోడ నిలబడాలంటే అదే టీఎన్‌ఎఫ్ కావాలి. దాన్ని కట్టేస్తే గోడ కూలుతుంది. నా ముంజేతి మీద మాంటూ పరీక్ష సూది వేసిన మూడో రోజున నర్సు గట్టిపడిన బుడిపె అంచులను పెన్నుతో గుర్తుపెట్టి, పిల్లల ప్లాస్టిక్ స్కేలు ఆనించి, "పదమూడు మిల్లీమీటర్లమ్మా" అన్నది. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగానే ఉన్నా ఐసోనియాజిడ్ అనే క్షయ మందు ఆరు నెలలకు రాశారు, అది నెల రోజులు వాడిన తరువాతే మొదటి ఇంజెక్షను పొడిచారు. రెండు వారాలకొకటి చొప్పున వేసుకునే ఆ సూదులను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజరులో మాత్రం పెట్టకూడదు. వేసవిలో కరెంటు పోయిన ప్రతిసారీ మా ఇంట్లో పెరుగు గిన్నె గురించి ఎవరూ ఆలోచించలేదు. అందరి చూపూ ఆ తెల్ల అట్టపెట్టె మీదే.

నాలుగేళ్ళ తరువాత ఆ ఇంజెక్షను పట్టు తప్పింది. మా డాక్టరు రెండు చేతులూ, మోచేతులూ, భుజాలూ, మోకాళ్ళూ మొత్తం ఇరవై ఎనిమిది కీళ్ళను ఒక్కొక్కటిగా బొటనవేలితో నొక్కి చూసి, ఎన్ని నొప్పి, ఎన్ని వాపు అని లెక్క రాస్తారు. దాన్ని రక్తపరీక్షతో కలిపి కట్టే అంకెను డాస్-28 అంటారు: 2.6 కన్నా తగ్గితే జబ్బు అణిగినట్టు, 5.1 దాటితే ఉధృతంగా ఉన్నట్టు. నాది మళ్ళీ నాలుగు దాటింది. అప్పుడు టోఫాసిటినిబ్‌కు మార్చారు. ఇది జాక్ నిరోధకాలనే కుటుంబంలోది. కణం బయటి సంకేతాన్ని కాక, అది లోపలికి చేరాక నడిచే దారిని అడ్డుకుంటుంది. సూది లేదు, ఫ్రిజ్ లేదు, రోజుకు రెండుసార్లు ఐదు మిల్లీగ్రాముల మాత్ర. 2012లో అమెరికాలో ఆమోదం పొందిన ఈ మందును ఇప్పుడు మన కంపెనీలూ చేస్తున్నాయి. తరువాత వచ్చిన బారిసిటినిబ్, ఉపడాసిటినిబ్ కూడా ఈ వరుసలోవే.

మాత్ర కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. యాభై ఏళ్ళు నిండి గుండెజబ్బు ముప్పు ఏదైనా ఉన్నవారిలో, టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లతో పోలిస్తే టోఫాసిటినిబ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటివీ, క్యాన్సర్లూ ఎక్కువగా కనిపించాయని 2022 జనవరిలో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. పొగ తాగే అలవాటున్న పెద్దవారికి డాక్టర్లు దీన్ని రాయడానికి వెనకాడేది అందుకే. అక్కి లేవడం కూడా ఈ మందులతో ఎక్కువ. 2023 నుంచి మన దేశంలో దొరుకుతున్న అక్కి టీకాను రెండు మోతాదులుగా నాకు వేశారు. ఇవన్నీ అడిగి తెలుసుకోగలగడానికి దగ్గరలో నిపుణులుండాలి. ఒకప్పుడు మా చిత్తూరువాళ్ళు కీళ్ళ జబ్బు అనగానే వేలూరు బస్సెక్కేవాళ్ళు. ఇప్పుడు తిరుపతిలోనే కీళ్ళ జబ్బుల నిపుణులు దొరుకుతున్నారు.

ఇక మా ఆడపడుచు అడిగిన యంత్రం. మెదడు నుంచి మెడ గుండా కడుపు దాకా దిగే వేగస్ నాడిని విద్యుత్తుతో తట్టితే ఒంట్లో మంట తగ్గుతుందని కెవిన్ ట్రేసీ అనే అమెరికా శాస్త్రవేత్త చాలాకాలంగా చెబుతున్నారు. ఆ ఆధారం మీద సెట్‌పాయింట్ అనే కంపెనీ చేసిన చిన్న పరికరాన్ని 2025 జూలైలో అమెరికా ఆమోదించింది. శస్త్రచికిత్స చేసి ఎడమవైపు నాడికి అమరుస్తారు. అది రోజుకు ఒక్క నిమిషం నాడిని తడుతుంది. 242 మందికి అమర్చి, సగం మందికి పని చేయించి, సగం మందికి ఊరికే ఉంచి చూశారు. మూడు నెలలకు, ఇరవై శాతం మెరుగుదల అనే కొలమానం మీద, పనిచేసినవారిలో నూటికి ముప్పై అయిదు మంది, ఊరికే ఉంచినవారిలో ఇరవై నాలుగు మంది నెగ్గారు. తేడా నిజమే, కాని వార్తలో చెప్పినంత కాదు. పైగా వాళ్ళు మెథోట్రెక్సేట్ వంటి మాత్రలు మానలేదు. టీఎన్‌ఎఫ్ సూదుల వంటి బయోలాజికల్ మందులు పనిచేయనివారికీ, పడనివారికీ ఉద్దేశించినది అది. కనుక ఈ వదినకు మాత్రలు తప్పవు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది కార్-టి కణాల చికిత్స. రోగి రక్తంలోని టి-కణాలనే రక్షణ కణాలను బయటికి తీసి, పొరబడి ఒంటి మీదికే దండెత్తే బి-కణాలనే మరో రకం రక్షణ కణాలను వేటాడేలా మలచి తిరిగి ఎక్కిస్తారు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో 2021లో, రక్షణ వ్యవస్థ పొరబడడం వల్లే వచ్చే లూపస్ అనే మరో జబ్బున్న ఒక యువతికి ఇలా చేస్తే మందులు లేకుండా కోలుకుంది. కీళ్ళవాతంలో ఇంకా కొద్దిమంది మీదే ప్రయత్నాలు సాగుతున్నాయి. మన దేశంలో 2023లో సొంత కార్-టి చికిత్సకు అనుమతి వచ్చింది గాని అది రక్త క్యాన్సర్లకే. ఎక్కించే ముందు కీమోథెరపీ కావాలి కూడా. వేళ్ళు వంకరపోయినా వంట చేసుకోగలుగుతున్న మనిషి ఆ గండానికి ఒప్పుకోవాలా అన్నది చిన్న ప్రశ్న కాదు. ఆశ పెట్టి మధ్యలో పోయినవీ ఉన్నాయి; ఒటిలిమాబ్ అనే ఇంజెక్షను ఆఖరి దశ పరీక్షల దాకా వచ్చి, 2022లో కంపెనీయే చాలించుకుంది.

ఈ మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది వేరొకటి. జబ్బు బయటపడకముందే, కీళ్ళవాతం ముప్పును సూచించే యాంటీ-సీసీపీ రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉండి కీళ్ళ నొప్పులు మాత్రమే ఉన్న 213 మందికి బ్రిటన్, నెదర్లాండ్స్‌లో ఒక సంవత్సరం అబటసెప్ట్ ఇంజెక్షనో, ఉత్త నీళ్ళ సూదో ఇచ్చి చూశారు. ఫలితం 2024లో వచ్చింది. ఏడాది చివరికి మందు తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి, తీసుకోనివారిలో ఇరవై తొమ్మిది మందికి జబ్బు వచ్చింది. మందు ఆపి మరో ఏడాది గడిచేసరికి ఆ అంకెలు ఇరవై అయిదు, ముప్పై ఏడు అయ్యాయి. అంటే వాయిదా పడింది, రద్దు కాలేదు.

మా అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. పోయిన నెల కంప్యూటరు ముందు నుంచి లేచి, "అమ్మా, పొద్దున్నే వేళ్ళు కొంచెం బిగుసుకుంటున్నాయి, నీదే వచ్చిందంటావా" అని అడిగింది. రక్తసంబంధీకులకు ముప్పు కొంత ఎక్కువే అయినా, ఎక్కువమందికి రాదని చెప్పాను. ఆ రక్తపరీక్ష వెంటనే చేయిస్తే, పాజిటివ్ వచ్చి, ఏడాది ఇంజెక్షన్లు కొని వాయిదా వేయించడమా, కనిపెట్టి కూర్చోవడమా అన్న చిక్కు మొదలవుతుంది. చేయించకపోతే నా ఎనిమిది నెలలు గుర్తొస్తాయి. వచ్చే మంగళవారం నా పరీక్షలకు వెళ్ళినప్పుడు తననూ వెంటబెట్టుకు వెళుతున్నాను. అప్పటిదాకా పొద్దున లేచాక వేళ్ళు ఎన్ని నిమిషాలకు వదులవుతున్నాయో రోజూ రాసిపెట్టమన్నాను. నిన్న పది నిమిషాలు అని రాసింది.