సాలీడు పేరు తేల్చాలంటే

సాలీళ్ల మీద ఇష్టంతో వచ్చేవాళ్లు ముందు కెమెరా కొంటారు. నేనైతే స్టీరియో మైక్రోస్కోప్ కొనమంటాను. ఇప్పటికి పేరు పెట్టిన జాతులు 50 వేలు దాటాయి, వాటిలో చాలావాటిని ఫోటో చూసి తేల్చలేం. కళ్ల అమరికను బట్టి తరచూ కుటుంబం తెలుస్తుంది: ముందు రెండు పెద్ద కళ్లుంటే గెంతే సాలీడు, కింద నాలుగు చిన్నవి, పైన రెండు పెద్దవి, వెనక మరో రెండు ఉంటే తోడేలు సాలీడు. జాతి దగ్గరికొచ్చేసరికి జననాంగాలే ఆధారం. ఆడదానికి పొట్ట అడుగున ఎపిజైన్, మగదానికి పెడిపాల్ప్ (నోటి పక్కన చిన్న కాలులా ఉండేది) చివర బల్బు చూడాలి. అవి పెద్దయ్యాకే పూర్తిగా ఏర్పడతాయి. పిల్ల సాలీడైతే చాలాసార్లు జాతికి పై మెట్టైన ప్రజాతి దగ్గరే ఆగిపోతాను.

పట్టుకోవడం త్వరగానే అలవాటవుతుంది. కొమ్మ కింద తెల్లగుడ్డ పట్టి దులపడం, రాలిన ఆకులు జల్లించడం, రాత్రి తోడేలు సాలీళ్ల కళ్ల మెరుపు వెతకడం. లైటు నుదుటి మీదే ఉండాలి, నడుం దగ్గర పట్టుకుంటే మెరుపు మన కంటికి చేరదు. అనుమతి కాగితం మాత్రం ముందే తీసుకోవాలి.

పని చెడేది పట్టిన సాలీడును దాచే సీసాలో. శరీర నిర్మాణం చూడటానికి 70–80 శాతం ఇథనాల్ చాలు. డీఎన్ఏ కావాలంటే 95 శాతం వాడి చల్లగా ఉంచాలి, కానీ అందులో కాళ్లు పెళుసెక్కి విరుగుతాయి. అందుకే ఒక కాలు తీసి దానికే విడిగా ఆ ఇథనాల్ పోస్తాను. ఫార్మలిన్ డీఎన్ఏను పాడుచేస్తుంది. ఆల్కహాల్‌లో రంగులు వెలిసిపోతాయి కాబట్టి ఫోటోలు బతికుండగానే తీయాలి. లేబుల్ పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. చోటు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, పట్టిన పద్ధతి, పట్టినవారి పేరు లేకపోతే ఎంత అరుదైన సాలీడైనా దండగే.

ఎపిజైన్ లోపలి గొట్టాల కోసం దాన్ని సన్న సూదితో విడదీసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేస్తాను. కండ కరిగి కైటిన్, అంటే గట్టి పైపొర పదార్థం, మిగులుతుంది. పక్కనే ఉండి చూస్తుండాలి. ఎక్కువసేపు వదిలేస్తే గొట్టాలూ రంగు పోయి మెత్తబడతాయి. తొందర లేకపోతే లవంగ నూనె మేలు, అది కండను కరిగించకుండా పారదర్శకం చేస్తుందంతే. తర్వాత సాలీళ్ల పేర్లన్నీ ఉండే ఆన్‌లైన్ జాబితా వరల్డ్ స్పైడర్ కేటలాగ్‌లో పాత వర్ణనలు తీసి బొమ్మలతో పోల్చాలి. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త కార్ల్ క్లెర్క్ 1757లో పెట్టిన పేర్లు ఈనాటికీ చెల్లుతాయి, కాబట్టి పాతవని వదిలేయడానికి లేదు.

జనానికి చెప్పేటప్పుడూ ఇదే పట్టింపు. పేరు అడిగితే ముందు కళ్లు, వీపు, పొట్ట అడుగు, పక్కన స్కేలు కనిపించే ఫోటోలు అడుగుతాను. అప్పటికీ "కుటుంబం వరకే చెప్పగలను" అనాల్సి వస్తుంది. కొందరికి అది నచ్చదు. పుండు ఫోటో పంపి "ఏ సాలీడు కుట్టింది?" అంటే జవాబుండదు. కుట్టిన సాలీడు చేతికి చిక్కనిదే చెప్పలేం, బ్యాక్టీరియా పుండ్లూ అలాగే కనిపిస్తాయి. వాళ్లను డాక్టరు దగ్గరికి పంపుతాను. "సాలీళ్లకు విషం లేదు" అని ఊరడించడం కూడా తప్పే: యులోబోరిడే కుటుంబం లాంటి కొన్ని తప్ప మిగతావాటికి విషగ్రంథులున్నాయి, మనిషికి ప్రమాదమైనవి మాత్రం కొద్ది. ప్రసంగంలో మొదటి చిత్రంగా పెద్దది చేసిన సాలీడు ముఖం ఎప్పుడూ పెట్టను. వేలి పక్కన అసలు సైజు చూపించాకే దగ్గరి చిత్రాలకు వెళ్తాను.